బాలింత కుంగుబాటు, అలర్జీలు, రోగనిరోధక వ్యవస్థ

నెలలు నిండుతుండగానో, కాన్పయిన ఏడాదిలోపో తల్లిని పట్టుకునే కుంగుబాటుకు కారణమేమిటంటే చాలాకాలం రెండే జవాబులు వినిపించేవి. ఒకటి హార్మోన్లు, రెండోది ఇంటి పరిస్థితులు. రెండూ నిజమే. గోవాలో విక్రమ్ పటేల్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, కాన్పయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు 23 శాతం తల్లులు కుంగుబాటుతో ఉన్నారు. పేదరికం, భర్తతో పొసగకపోవడం, ఆడపిల్ల పుట్టిందన్న ఈసడింపు ఆ బాధను పెంచాయి. అయితే గత మూడు దశాబ్దాలుగా మూడో జవాబు కూడా బలపడుతోంది. అది రోగనిరోధక వ్యవస్థ. ఉబ్బసం, థైరాయిడ్ జబ్బులు, కీళ్లవాతం వంటివి ఉన్న తల్లుల్లో కుంగుబాటు మిగతావారికంటే ఎక్కువగా ఎందుకు కనిపిస్తోందని వెతికిన పరిశోధకులు ఈ దారి పట్టారు.

ఈ కుంగుబాటు అరుదైనదేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం గర్భిణుల్లో సుమారు 10 శాతం, బాలింతల్లో 13 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యకు, ఎక్కువగా కుంగుబాటుకే, లోనవుతారు. వర్ధమాన దేశాల్లో ఆ అంకెలు 15.6, 19.8. భారతదేశంలో జరిగిన 38 అధ్యయనాల్లోని 20,043 మంది తల్లుల వివరాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2017లో అదే సంస్థ పత్రికలో వచ్చింది. దేశం మొత్తం మీద బాలింత కుంగుబాటు 22 శాతమని, దక్షిణాదిన 26 శాతమని, అన్ని ప్రాంతాల్లోకీ అదే ఎక్కువని అది తేల్చింది. అలాగని దక్షిణాది తల్లులే ఎక్కువ దిగులు పడతారని అనుకోనక్కర్లేదు. అడిగిన తీరు, అడిగిన చోటు మారితే అంకె కూడా మారుతుంది.

మూడు స్థితులను మాత్రం విడివిడిగా చూడాలి. పురిటి మొదటి వారంలో సగానికి పైగా తల్లులకు ఊరికే ఏడుపు రావడం, చిరాకు, బెంగ మామూలే. రెండు వారాల్లో సర్దుకుంటాయి. కుంగుబాటు అలా వదలదు. నిద్ర, ఆకలి, బిడ్డ మీద ఆసక్తి, తన మీద తనకున్న నమ్మకం అన్నీ వారాల తరబడి సన్నగిల్లుతాయి. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వచ్చే ప్రసవానంతర ఉన్మాదం వీటిలో మూడోది. సాధారణంగా మొదటి రెండు వారాల్లోనే హఠాత్తుగా మొదలవుతుంది, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పాతకాలం వాళ్లు పురిటి జ్వరంలోని కలవరింతలను, ఈ ఉన్మాదాన్ని కలిపి సన్నిపాతం అనేసేవారు. ఫ్రాన్స్‌లో లూయీ విక్టర్ మార్సే గర్భిణుల, బాలింతల మానసిక జబ్బుల మీద 1858లోనే పెద్ద గ్రంథం రాశాడు.

సగం పరాయిదైన పిండం

తల్లి కడుపులోని బిడ్డకు సగం జన్యువులు తండ్రివి. అంటే తల్లి రోగనిరోధక వ్యవస్థ దృష్టిలో బిడ్డ సగం పరాయిదే. వేరొకరి మూత్రపిండాన్ని అమరిస్తే తిప్పికొట్టే ఒళ్లు, బిడ్డను తొమ్మిది నెలలు ఎలా భరిస్తోంది? బ్రిటన్ శాస్త్రవేత్త పీటర్ మెడవర్ 1953లో ఈ ప్రశ్న వేశాడు. అవయవ మార్పిడికి దారి చూపిన ఆయన పరిశోధనకు 1960లో నోబెల్ బహుమతి వచ్చింది గానీ, గర్భం సంగతి ఆయన జీవితకాలంలో తేలలేదు.

1993లో థామస్ వెగ్మన్ బృందం ఒక సమాధానం ప్రతిపాదించింది. తెల్ల రక్తకణాల్లో సహాయక టి కణాలు రెండు ప్రధాన దళాలుగా పనిచేస్తాయి. మొదటి దళం వైరస్‌లను, పరాయి కణాలను నేరుగా ఎదుర్కొంటుంది. రెండో దళం ప్రతిరక్షకాల తయారీని పెంచుతుంది; అలర్జీల్లో చాలావరకు ఈ రెండో దళం అతిగా స్పందించడం వల్ల వచ్చేవే. గర్భంలో మొగ్గు మొదటి దళం నుంచి రెండోదానికి మారుతుందని, అందుకే బిడ్డ క్షేమంగా ఉంటుందని వెగ్మన్ వాదన. వినడానికి ముచ్చటైన సిద్ధాంతమే. కానీ అదే పూర్తి నిజమైతే గర్భిణులందరిలోనూ అలర్జీలు ముదరాలి. ఉబ్బసం ఉన్న గర్భిణులను గమనిస్తే, సుమారు మూడోవంతు మందికి ఉబ్బసం పెరుగుతోంది, మూడోవంతు మందికి తగ్గుతోంది, మిగతావారికి ఉన్నట్టే ఉంటోంది.

అసలు సంగతి అంతకంటే చిక్కుగా ఉందని తర్వాత తెలిసింది. పిండం గర్భాశయం గోడకు అంటుకునేటప్పుడు అక్కడ ఇన్‌ఫ్లమేషన్ కావాలి; గాయమైనా, సూక్ష్మజీవి చొరబడినా ఒంట్లో రేగే మంట, వాపుల ప్రక్రియే ఇది. నడిమి నెలల్లో అది అణగాలి. నొప్పులు మొదలయ్యేటప్పుడు మళ్లీ రేగాలి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2017లో గర్భిణుల రక్తాన్ని దశలవారీగా పరీక్షించి, ఈ మార్పులు ఒక కాలపట్టిక ప్రకారం సాగుతాయని చూపించారు. నడుమ అణచి ఉంచే పనిలో ముఖ్యపాత్ర నియంత్రక టి కణాలది. 2025 వైద్య నోబెల్ బహుమతిని షిమోన్ సకగుచి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ పంచుకున్నది ఈ కణాల గురించిన పరిశోధనకే.

గర్భం ఇచ్చే ఈ ఊరటను వైద్యులు చాలాముందే కళ్లారా చూశారు. అమెరికా వైద్యుడు ఫిలిప్ హెంచ్ 1930లలో కీళ్లవాతం ఉన్న స్త్రీలను గమనిస్తూ, కడుపుతో ఉన్నన్నాళ్లూ వాళ్ల నొప్పులు తగ్గి, కాన్పు తర్వాత తిరగబెట్టడం చూశాడు. ఒంట్లో ఊరే పదార్థమేదో ఈ పని చేస్తోందని వెతుకుతూ పోయాడు. ఆ వెతుకులాట చివరికి కార్టిజోన్ వైద్యానికి దారితీసి 1950లో నోబెల్ తెచ్చింది. ఉబ్బసం, అలర్జీల చికిత్సలో ఇవాళ వాడే స్టెరాయిడ్‌లన్నీ ఆ కుటుంబానివే.

మాయ పడిపోయిన గంటల్లో ఈ ఏర్పాటంతా తలకిందులవుతుంది. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ ఒక్కసారిగా పడిపోతాయి. గర్భం చివరి నెలల్లో రెండు మూడు రెట్లు పెరిగిన కార్టిసాల్ కొద్దిరోజుల్లో దిగుతుంది. ఇన్నాళ్లూ అణిగి ఉన్న రోగనిరోధక వ్యవస్థ తిరిగి లేస్తుంది. బాలింతకు కుట్లు మానని నొప్పి, రొమ్ముల్లో గడ్డలు, నిద్రలేమి ఉండేవి కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే.

జ్వరం నుంచి దిగులు దాకా

రోగనిరోధక వ్యవస్థకూ మనసుకూ లంకె ఉందని తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. జ్వరం వచ్చినవాడు ముసుగుతన్ని పడుకుంటాడు, అన్నం సయించదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. ఒంటికి శక్తి మిగలడానికి ప్రకృతి చేసుకున్న ఏర్పాటే ఇదని బెంజమిన్ హార్ట్ 1988లో వాదించాడు. ఆ కబురు మెదడుకు చేర్చేవి తెల్ల కణాలు వదిలే సైటోకైన్లనే రసాయనాలని రాబర్ట్ డాంజర్ వంటివారు తర్వాత వివరించారు. ఆ కబుర్లు ఆగకుండా వెళుతూ ఉంటే? దానికి జవాబు క్యాన్సర్ వార్డుల నుంచి వచ్చింది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు ఇంటర్ఫెరాన్ ఆల్ఫా అనే సైటోకైన్‌ను ఇంజక్షన్‌గా ఇచ్చేవారు. 2001లో ప్రచురితమైన ప్రయోగంలో, ఆ మందుతో పాటు ఉత్తుత్తి మాత్ర అందిన రోగుల్లో 45 శాతం మంది తీవ్ర కుంగుబాటుకు లోనయ్యారు. ముందుగానే కుంగుబాటు మందు పరాక్సెటీన్ ఇచ్చినవారిలో అది 11 శాతమే. ఇక్కడ కుంగుబాటు తెచ్చిపెట్టింది బయటినుంచి ఎక్కించిన రోగనిరోధక రసాయనమే.

కాన్పుతో దీనికి లంకె ఎక్కడుందో చూపే ఒక ఎంజైము ఉంది. పేరు ఐడీఓ. ఆహారంలోంచి వచ్చే ట్రిప్టోఫాన్‌ను అది కైన్యూరెనిన్‌గా మార్చేస్తుంది. టి కణాలు పెరగాలంటే ట్రిప్టోఫాన్ కావాలి కాబట్టి, దాన్ని ఖర్చు చేసేస్తే అవి చతికిలబడతాయి. 1998లో అమెరికాలోని జార్జియా వైద్య కళాశాలలో డేవిడ్ మన్, ఆండ్రూ మెల్లర్ బృందం చుంచెలుకల్లో ఈ ఎంజైమును ఆపి చూసింది. పరాయి జన్యువులున్న పిండాలు నిలవలేదు. బిడ్డను కాపాడే ఈ ఎంజైమే మనసు మీద కూడా చెయ్యివేస్తుంది. మెదడులో సెరటోనిన్ తయారయ్యేది ట్రిప్టోఫాన్ నుంచే. పైగా కైన్యూరెనిన్ నుంచి పుట్టే పదార్థాల్లో కొన్ని నాడీకణాలను అతిగా ఉద్రేకపరుస్తాయి. ఇన్‌ఫ్లమేషన్ ఎక్కువైతే ఐడీఓ జోరు పెరుగుతుంది. ఈ రంగంలో ఉన్న ఊహలన్నిటిలోనూ, కాన్పుకూ కుంగుబాటుకూ మధ్య ఇంత సూటిగా నిలిచేది ఇదే.

హార్మోన్ల కథ కూడా రోగనిరోధక వ్యవస్థ సాయం లేకుండా పూర్తికాదు. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2000లో ఒక ప్రయోగం చేశారు. గర్భంతో లేని స్త్రీలకు ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ పెంచి, హఠాత్తుగా ఆపేశారు. గతంలో బాలింత కుంగుబాటు వచ్చిన 8 మందిలో ఐదుగురికి దిగులు లక్షణాలు కనబడ్డాయి. ఎన్నడూ రాని 8 మందిలో ఒక్కరికీ రాలేదు. హార్మోన్లు పడిపోవడం అందరికీ ఒకటే. దాన్ని తట్టుకునే ఒళ్లే వేరు. ఆ తేడా ఎక్కడుందని వెతికేవారు జన్యువుల్లోనూ, రోగనిరోధక వ్యవస్థలోనూ చూస్తున్నారు.

అలర్జీ ఉన్న తల్లి

అలర్జీలో కీలకమైన ప్రతిరక్షకం ఐజీఈ. దాన్ని 1960ల చివర అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యొహాన్సన్, బెన్నిక్ విడివిడిగా కనిపెట్టారు. పుప్పొడో, దుమ్ములోని పురుగో తగిలినప్పుడు ఈ ఐజీఈ అంటుకున్న మాస్ట్ కణాలు హిస్టమిన్‌ను, సైటోకైన్లను వదులుతాయి. తుమ్ములు, దద్దుర్లు, పిల్లికూతలు అందుకే. మానసిక ఒత్తిడిలో విడుదలయ్యే హార్మోను కూడా మాస్ట్ కణాలను రెచ్చగొట్టగలదు. అలర్జీ మనసును, మనసు అలర్జీని కదిలించే దారి ఇలా రెండువైపులా తెరిచి ఉంది.

ఉత్తర ఫిన్లాండ్‌లో 1966లో పుట్టినవారిని దశాబ్దాల పాటు గమనించిన అధ్యయనంలో అలర్జీ ఉన్నవారిలో, ముఖ్యంగా స్త్రీలలో, కుంగుబాటు ఎక్కువగా కనిపించింది. బాలింతల విషయంలో గట్టి ఆధారం కెనడాలోని క్విబెక్ నుంచి 2019లో వచ్చింది. ఆరోగ్య రికార్డులను పోల్చి చూస్తే, ఉబ్బసం ఉన్న తల్లులకు కాన్పు తర్వాతి ఏడాదిలో కుంగుబాటు రావడం మిగతావారికంటే సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. ఒకటిన్నర రెట్లంటే భయపడాల్సిన అంకె కాదు. అయినా ఉబ్బసానికి చూపించుకోవడానికి వచ్చిన గర్భిణిని మనసు సంగతి కూడా అడగాలని చెప్పడానికి చాలు.

ఇందులో రోగనిరోధక వ్యవస్థ వాటా ఎంత, మిగతావాటి వాటా ఎంత అన్నది విడదీయడం కష్టం. రాత్రంతా ఆయాసపడే మనిషికి నిద్ర ఉండదు. నిద్రలేమి ఒక్కటి చాలు ఇన్‌ఫ్లమేషన్ పెరగడానికైనా, మనసు కుంగడానికైనా. అలర్జీ ఏమీ లేకపోయినా, గర్భిణుల్లో సుమారు ఐదోవంతు మందికి వారాల తరబడి ముక్కు దిబ్బడ పట్టి, కాన్పయిన రెండు వారాల్లో దానంతటదే పోతుంది. ఆ దిబ్బడతో పాడయ్యే నిద్రను ఎవరూ జబ్బుగా లెక్కించరు. మన దగ్గర ఖాళీ స్థలాల్లో, పొలం గట్ల మీద విరగబూసే వయ్యారిభామ సంగతీ ఇదే. 1950లలో పుణె దగ్గర తొలిసారి కంటబడిన ఈ కలుపు అమెరికా గోధుమలతో దిగుమతైందని చెబుతారు. దాని పుప్పొడి ముక్కుకు, ఆకు ఒంటికి పడని ఆడవాళ్లు కలుపుతీతకు వెళ్లి తెచ్చుకునే దురదను, జలుబును కాన్పు కష్టాల జాబితాలో ఎవరూ రాయరు.

మందుల పాత్ర కూడా ఉంది. ఉబ్బసానికి, ముక్కు అలర్జీకి విరివిగా రాసే మాంటెలూకాస్ట్ వల్ల నిద్ర చెడటం, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 మార్చిలో తన అత్యంత తీవ్రమైన హెచ్చరిక జతచేసింది. స్టెరాయిడ్ మాత్రలూ అంతే. బోస్టన్‌లో 1972లో ప్రచురించిన పరిశీలనలో, రోజుకు 40 మిల్లీగ్రాముల లోపు ప్రెడ్నిసోన్ తీసుకున్నవారిలో 1.3 శాతం మందికి, 80 దాటినవారిలో 18.4 శాతం మందికి మానసిక లక్షణాలు వచ్చాయి. పీల్చే ఇన్‌హేలర్‌లో మోతాదు వీటితో పోలిస్తే చాలా తక్కువ. బిడ్డకేమైనా అవుతుందని భయపడి కడుపుతో ఉండగా ఇన్‌హేలర్ మానేసేవారు చాలామంది. అదుపు తప్పిన ఉబ్బసం వల్ల తల్లికీ బిడ్డకీ కలిగే హాని ఇన్‌హేలర్ వల్ల కలిగేదానికంటే ఎక్కువని వైద్యులు చెబుతూనే ఉన్నారు.

తనను తానే ఎదిరించే ఒళ్లు

అలర్జీలకంటే స్పష్టంగా లంకె తేలింది ఆటోఇమ్యూన్ జబ్బుల్లో, అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత కణాల మీదే దాడిచేసే జబ్బుల్లో. జపాన్‌లోని ఒసాకాలో నొబుయుకి అమినో బృందం 1982లో, కాన్పు తర్వాతి నెలల్లో 5.5 శాతం తల్లులకు థైరాయిడ్ పనితీరు చెడుతోందని చూపించింది. మొదట గ్రంథి దెబ్బతిని హార్మోను పొంగుతుంది: గుండెదడ, చిరాకు, ఒళ్లు తగ్గడం. కొన్ని నెలలకు అది అడుగంటుతుంది: నీరసం, మందకొడితనం, ఏడుపు. ఇంట్లోవాళ్లకు ఇది బాలింత నీరసంగానో బద్ధకంగానో కనిపిస్తుంది. వైద్యుడు తొందరపడితే కుంగుబాటుగా కనిపిస్తుంది. ఒక్క టీఎస్‌హెచ్ రక్తపరీక్షతో తేలే విషయమిది. ఈ వ్యాసంలోని సంగతుల్లో రేపే ఆచరణలో పెట్టదగినవాటిలో ఇదొకటి.

నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో వీర్లే బెర్గింక్ బృందం 2011లో ఉన్మాదం వచ్చిన బాలింతలను పరీక్షిస్తే 19 శాతం మందిలో ఆటోఇమ్యూన్ థైరాయిడ్ జబ్బు కనిపించింది. మామూలు బాలింతల్లో అది 5 శాతం. ఉన్మాదమనుకున్న కొద్దిమందిలో మెదడు కణాల మీద దాడిచేసే ప్రతిరక్షకాలు కూడా ఆ బృందానికి కనిపించాయి. అలాంటివారికి కావలసిన వైద్యమే వేరు.

అన్నిటికంటే పెద్ద లెక్క స్వీడన్‌ది. 2001 నుంచి 2013 వరకు అక్కడ ప్రసవించిన ఎనిమిది లక్షలకు పైగా స్త్రీల రికార్డులను కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు తిరగేసి 2024లో ఫలితాలు ప్రకటించారు. ఆటోఇమ్యూన్ జబ్బు ఉన్నవారికి కాన్పు చుట్టూ కుంగుబాటు వచ్చే అవకాశం 30 శాతం ఎక్కువ. కుంగుబాటు వచ్చినవారికి తర్వాత ఆటోఇమ్యూన్ జబ్బు వచ్చే అవకాశమూ 30 శాతం ఎక్కువే. లంకె అన్నిటికంటే బలంగా ఉన్నది మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బుతో. సగం జన్యువులను, పెంపకాన్ని పంచుకునే అక్కచెల్లెళ్లను పోల్చి చూసినా ఈ సంబంధం పూర్తిగా చెరిగిపోలేదు.

తేలనివి, బెడిసికొట్టినవి

ఇంత చెప్పాక, రక్తంలో ఫలానా సైటోకైన్ పెరిగితే ఫలానా తల్లికి కుంగుబాటు వస్తుందని చెప్పగలమా? చెప్పలేం. లారెన్ ఆస్బోర్న్, కేథరిన్ మంక్ 2013లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను సమీక్షిస్తే ఒకదానికొకటి పొంతన కుదరలేదు. ఒకరికి ఇంటర్‌ల్యూకిన్-6 అనే సైటోకైన్ ఎక్కువ కనబడితే ఇంకొకరికి కనబడలేదు. కాన్పే ఇన్‌ఫ్లమేషన్‌ను పెంచుతుంది, సిజేరియన్ మరింత పెంచుతుంది, ఊబకాయం ఇంకాస్త. రక్తం ఏ వారంలో తీశారన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. మిషిగన్‌లో 114 మంది గర్భిణుల రక్తం పరీక్షించి, సైటోకైన్లు, ట్రిప్టోఫాన్ జాడలతో కుంగుబాటును 83 శాతం కచ్చితత్వంతో ముందే పసిగట్టవచ్చని 2022లో ఒక బృందం ప్రకటించింది. ఆశ కలిగించే ఫలితమే గానీ, 114 మంది మీద నిలబడ్డ పరీక్షను డయాగ్నస్టిక్ సెంటర్ల ప్యాకేజీల్లో చేర్చే రోజు ఇంకా రాలేదు.

ఇన్‌ఫ్లమేషన్ తగ్గిస్తే దిగులు తగ్గుతుందన్న ఆశ కూడా పెద్దగా ఫలించలేదు. చేపనూనెలోని డీహెచ్ఏ ఇస్తే బాలింత కుంగుబాటు తగ్గుతుందేమోనని ఆస్ట్రేలియాలో 2,399 మంది గర్భిణుల మీద చేసిన ప్రయోగం 2010లో విఫలమైంది. కీళ్లవాతానికి వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను, మందులకు లొంగని కుంగుబాటు ఉన్న 60 మందిలో ఎమరీ విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్షించారు. వాళ్లు బాలింతలు కారు. 2013 నాటి ఆ ఫలితంలో మొత్తం మీద ప్రయోజనం కనబడలేదు, రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ సూచిక సీఆర్‌పీ బాగా పెరిగినవారికి మాత్రం కొంత మేలు జరిగింది. కుంగుబాటు అంతా ఒకే జబ్బు కాదని, కొందరిలోనే రోగనిరోధక వ్యవస్థ ప్రధాన పాత్రధారి అని దీన్నిబట్టి అనుకోవచ్చు. బాలింత కుంగుబాటుకే ప్రత్యేకంగా వచ్చిన మందులు వేరే దారిలో వచ్చాయి. మెదడులోని అల్లోప్రెగ్ననొలోన్ అనే పదార్థాన్నే మందుగా మలిచిన బ్రెక్సనొలోన్‌కు అమెరికా 2019లో, జురనొలోన్ మాత్రకు 2023లో అనుమతినిచ్చింది.

తల్లి కుంగుబాటుకూ బిడ్డ అలర్జీకీ ఉన్న సంబంధం గురించి కెనడాలోని మానిటోబా అధ్యయనం చెప్పుకోదగ్గది. 1995లో పుట్టిన 13,907 మంది పిల్లల రికార్డులు చూస్తే, తల్లి దిగులు బాలింత దశతోనే ముగిసినప్పుడు పిల్లల్లో ఉబ్బసం పెరగలేదు. బిడ్డకు ఏడేళ్లు వచ్చేదాకా కొనసాగినప్పుడే పెరిగింది. సకాలంలో వైద్యం చేయిస్తే తల్లికే కాక బిడ్డకూ మేలన్నమాట.

ఆ వైద్యానికి ఖరీదైన మందులే అక్కర్లేదు. పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో అతిఫ్ రహ్మాన్ బృందం, ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలకే మాటల వైద్యంలో శిక్షణ ఇచ్చింది. ఆరు నెలల తర్వాత మామూలు పరామర్శ అందిన తల్లుల్లో 53 శాతం కుంగుబాటులోనే ఉండగా, శిక్షణ పొందినవారు చూసినవారిలో అది 23 శాతానికి దిగింది. 2008 నాటి మాట ఇది. మన ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు చేయలేని పనేమీ కాదు. 1987లో స్కాట్లాండ్‌లో రూపొందిన, కుంగుబాటును పసిగట్టే పది ప్రశ్నల ఎడిన్‌బరో పత్రాన్ని నింపడానికి ఐదారు నిమిషాలు చాలు. అయినా ఛాతీ వైద్యుడు ఊపిరితిత్తులు, ప్రసూతి వైద్యురాలు బిడ్డ గుండె చప్పుడు, పిల్లల వైద్యుడు టీకాలు చూసి పంపేస్తారు. ముగ్గురి దగ్గరికీ వెళ్లివచ్చిన తల్లిని మనసు సంగతి అడిగినవారు ఒక్కరూ ఉండరు.

బెంగళూరు నిమ్హాన్స్‌లో 2009 నుంచి తల్లీబిడ్డలను కలిపి చేర్చుకునే ప్రత్యేక విభాగం నడుస్తోంది. మూడేళ్లలోపు బిడ్డను చికిత్సలో ఉన్న తల్లి నుంచి మామూలుగా వేరుచేయకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఉబ్బసం, థైరాయిడ్, కీళ్లవాతం ఉన్న గర్భిణి ఇంట్లో ఉంటే ఆ విషయం ప్రసూతి వైద్యురాలికి మొదటి పరీక్షలోనే చెప్పండి, అడక్కుండా మందులు మానేయనివ్వకండి. కాన్పయ్యాక దిగులు రెండు వారాలు దాటితే థైరాయిడ్ పరీక్ష చేయించి, మానసిక వైద్యులకు చూపించండి. కేంద్ర ప్రభుత్వ ఉచిత సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడవచ్చు.